సైరన్ ఉంది.. మోగలేదు! కెమికల్ సేఫ్టీ రూల్స్ అమలుపై ఎవరి వాదన ఏంటి?

2020 మే 7. తెల్లవారుజామున 3 గంటల సమయం. విశాఖపట్నం గోపాలపట్నం దగ్గరున్న ఆర్ఆర్ వెంకటాపురం గాఢ నిద్రలో ఉంది. ఊరి పక్కనే ఉన్న ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంక్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదకు కమ్ముకొచ్చింది. కళ్లు మండి, ఊపిరాడక జనం బయటకు పరుగులు తీశారు. ఎటు పరిగెత్తాలో ఎవరికీ తెలియదు. కొందరు రోడ్డు మీదే కుప్పకూలిపోయారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఈ ఘటనలో చాలామంది మర్చిపోయిన విషయం ఒకటుంది. ఆ ఫ్యాక్టరీలో సైరన్ వ్యవస్థ ఉంది. కానీ ఆ రాత్రి మోగలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే ఈ విషయం తేల్చింది.

రూల్ ఉంది, పరికరం కూడా ఉంది. అవసరమైన క్షణంలో మాత్రం పని జరగలేదు. మన దేశంలో కెమికల్ సేఫ్టీ కథంతా దాదాపు ఇలాగే ఉంటుంది. ఎందుకిలా? యాజమాన్యాలు ఏమంటున్నాయి? కార్మికులు, అధికారులు, చుట్టుపక్కల జనం ఏమంటున్నారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

వెంకటాపురంలో అసలేం జరిగింది?

స్టైరీన్ అంటే ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. దాన్ని చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తానే రసాయన చర్య మొదలుపెట్టి, ఇంకా ఇంకా వేడెక్కుతుంది. ఆ చర్య మొదలవకుండా టీబీసీ అనే ఇన్హిబిటర్ కలుపుతారు. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ వారాల తరబడి ఆగిపోయింది. ట్యాంక్‌లో మాత్రం స్టైరీన్ నిల్వ అలాగే ఉండిపోయింది.

నీరబ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని హైపవర్ కమిటీ 2020 జులైలో రిపోర్ట్ ఇచ్చింది. ట్యాంక్‌లో ఉష్ణోగ్రతను కింది భాగంలోనే కొలిచారు, పై పొరల్లో ఎంత వేడెక్కిందో ఎవరికీ తెలియలేదు. శీతలీకరణ వ్యవస్థను 24 గంటలూ నడపలేదు. ఇన్హిబిటర్ సరిపడా లేదు. కమిటీ చెప్పిన లోపాల్లో ఇవి ప్రధానమైనవి. ఫ్యాక్టరీకి సరైన పర్యావరణ అనుమతి లేదన్న విషయమూ అప్పుడే బయటికొచ్చింది. నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ రూ.50 కోట్లు డిపాజిట్ చేయమని కంపెనీని ఆదేశించింది. కంపెనీ ఉన్నతాధికారులు అరెస్టయ్యారు. కొందరు ప్రభుత్వ అధికారులూ సస్పెండ్ అయ్యారు.

ఆ తర్వాతైనా ఆగాయా? లేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ఫార్మా యూనిట్‌లో ద్రావకం లీకై పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొందరి శవాలు కూడా దొరకలేదు.

రూల్స్ లేవా? చాలానే ఉన్నాయి

1984 డిసెంబర్‌లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగాక దేశంలో చట్టాలు వరుసగా వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి రూల్స్ తెచ్చారు. 1996లో కెమికల్ ప్రమాదాల ఎమర్జెన్సీ ప్లానింగ్ రూల్స్ వచ్చాయి.

వీటిలో సామాన్యుడికి పనికొచ్చేవి ఇవి:

• నిర్ణీత పరిమాణం దాటి ప్రమాదకర రసాయనాలు ఉంచే ఫ్యాక్టరీకి సొంత ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలి. 6 నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి.

• ఫ్యాక్టరీ గోడ బయట ఏం చేయాలన్న ప్లాన్ జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. ఏడాదికోసారి దాని రిహార్సల్ జరగాలి.

• ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్న బయటి జనానికి ముందే సమాచారం ఇవ్వాలి. ప్రమాదం ఎలాంటిది, అప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు.. ఇవన్నీ చెప్పాలి. ఈ బాధ్యత ఫ్యాక్టరీదే.

• పెద్ద ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి.

• జిల్లాలో కలెక్టర్ నేతృత్వంలో క్రైసిస్ గ్రూప్ ఉండాలి. పారిశ్రామిక వాడ స్థాయిలో లోకల్ క్రైసిస్ గ్రూప్ ఉండాలి. అందులో ఫైర్, పోలీస్, డాక్టర్లు, ఫ్యాక్టరీల ప్రతినిధులతో పాటు సర్పంచ్ లాంటి స్థానిక నాయకుడికీ, స్థానిక పత్రిక ఎడిటర్‌కీ చోటుంది. ఈ గ్రూప్ నెలకోసారి కూర్చోవాలి.

కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? అసలు గొడవంతా అమలు దగ్గరే.

యాజమాన్యాల మాట: 'ఎంతమందికి సమాధానం చెప్పాలి?'

కంపెనీల మొదటి ఫిర్యాదు ఆఫీసుల సంఖ్య మీద. ఫ్యాక్టరీ లైసెన్స్‌కు ఫ్యాక్టరీల శాఖ, నీరు, గాలి కాలుష్యానికి పొల్యూషన్ కంట్రోల్ బోర్డు, మండే ద్రవాల ట్యాంకులకు పెసో, నిప్పుకు ఫైర్ శాఖ, బాయిలర్‌కు బాయిలర్స్ విభాగం. ఒకే ట్యాంక్ గురించి నాలుగు చోట్ల నాలుగు ఫార్మాట్లలో రాసివ్వాలి. సేఫ్టీ మేనేజర్ ప్లాంట్‌లో తిరగాల్సిన టైమ్ ఫైళ్లకే పోతోందని పరిశ్రమ వర్గాలు చెబుతుంటాయి.

రెండో వాదన కాస్త చేదుగా ఉంటుంది. 'మేం వచ్చినప్పుడు ఇక్కడ ఊరు లేదు' అన్నది ఆ మాట. వెంకటాపురం ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. 1997లో ఎల్జీ చేతికి వచ్చింది. ఈ మధ్యలో విశాఖ నగరం పెరిగి గోడ దాకా వచ్చేసింది. ఇళ్లకు అనుమతులిచ్చింది ఎవరు అని యాజమాన్యాలు అడుగుతాయి.

ప్రశ్న న్యాయమైనదే. కానీ చట్టం ముందు ఈ వాదన బరువు తక్కువ. 1985 డిసెంబర్‌లో ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ప్రమాదకరమైన పని చేసి లాభం పొందే సంస్థ, దానివల్ల జరిగే నష్టానికి పూర్తి బాధ్యత వహించాల్సిందే. మినహాయింపులు ఉండవు.

చిన్న యూనిట్ల గోడు

పెద్ద కంపెనీకి సేఫ్టీ డిపార్ట్‌మెంట్ ఉంటుంది. జీడిమెట్లలోనో, బొల్లారంలోనో చిన్న షెడ్డులో నడిచే యూనిట్‌కు ఓనరే మేనేజర్, ఓనరే సేఫ్టీ ఆఫీసర్. గ్యాస్ డిటెక్టర్లు, పేలుడును తట్టుకునే ఎలక్ట్రికల్ ఫిట్టింగులు, బయటి ఏజెన్సీతో సేఫ్టీ ఆడిట్.. అన్నీ ఖర్చే. పెద్ద కంపెనీలు రిస్క్ ఎక్కువున్న స్టెప్పులను జాబ్ వర్క్ కింద తమకు తోసేస్తాయని, రేటు మాత్రం పెంచవని చిన్న యూనిట్ల ఆవేదన.

ఇంకో చిక్కు ఉంది. ఎమర్జెన్సీ ప్లాన్ లాంటి కఠినమైన రూల్స్ ఫలానా రసాయనం ఫలానా పరిమాణం దాటితేనే వర్తిస్తాయి. చాలా చిన్న యూనిట్లు ఆ గీత కిందే ఉండిపోతాయి. ఒక యూనిట్‌లో సరుకు తక్కువే కావొచ్చు. కానీ ఒకే వీధిలో అలాంటివి ఇరవై ఉంటే? అప్పుడు లెక్క ఎవరు వేయాలి? రూల్ ఫ్యాక్టరీని చూస్తుంది, వీధిని చూడదు.

సిగాచి ఉదాహరణే చూడండి. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మనం మింగే మాత్రల్లో కలిపే తెల్లటి పొడి అది. విషం కాదు. అయినా సన్నటి పొడి గాలిలో చెదిరి, నిప్పురవ్వ తగిలితే బాంబులా పేలగలదు. రసాయనాల జాబితా చూసి 'ఇది డేంజర్ కాదు' అనుకుంటే పొరపాటే.

కార్మికుల మాట: 'ఆపమని చెప్పే ధైర్యం ఎవరికుంది?'

ఫ్యాక్టరీల చట్టంలో 1987లో ఒక మంచి సెక్షన్ చేర్చారు. ప్రాణాపాయం ఉందని కార్మికుడికి అనిపిస్తే యాజమాన్యానికి చెప్పే హక్కు ఉంది. చెబితే వెంటనే చర్య తీసుకోవాలి. ప్రమాదకర ఫ్యాక్టరీల్లో కార్మికులకు, యాజమాన్యానికి సమాన ప్రాతినిధ్యంతో సేఫ్టీ కమిటీ ఉండాలి.

కార్మిక సంఘాలు అడిగే ప్రశ్న ఒక్కటే. కాంట్రాక్టర్ కింద రోజు కూలీకి పనిచేసేవాడు ఈ హక్కు ఎలా వాడతాడు? ఇవాళ 'రియాక్టర్ వేడెక్కుతోంది, ఆపండి' అంటే రేపు గేటు దగ్గర పేరు ఉండదు. సేఫ్టీ కమిటీలో పర్మనెంట్ ఉద్యోగులుంటారు. రిస్క్ ఉన్న పని మాత్రం కాంట్రాక్ట్ కార్మికుడి చేతిలో ఉంటుంది.

భాష ఇంకో సమస్య. పాశమైలారంలో చనిపోయినవాళ్లలో బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. గోడ మీద సేఫ్టీ బోర్డు ఏ భాషలో ఉంటే వాళ్లకు అర్థమవుతుంది? ఫ్యాక్టరీల చట్టం ప్రకారం నోటీసులు ఇంగ్లిష్‌తో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో పెట్టాల్సి ఉండేది. చాలా చోట్ల రసాయనాల సేఫ్టీ షీట్ ఇంగ్లిష్‌లోనే ఫైల్‌లో పడి ఉంటోందన్నది సంఘాల ఆరోపణ.

ఇక్కడొక పోలిక చెప్పుకోవాలి. యూరప్‌లో 2007 నుంచి రీచ్ అనే చట్టం ఉంది. అక్కడికి సరుకు పంపాలంటే రసాయనం వివరాలు రిజిస్టర్ చేయాలి. సేఫ్టీ షీట్ ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో ఉండాలి. హైదరాబాద్, విశాఖ నుంచి ఎగుమతి చేసే కంపెనీలకూ ఇది తప్పదు. జర్మనీలో డ్రమ్ము తెరిచేవాడికి జర్మన్‌లో కాగితం వెళ్తోంది. అదే డ్రమ్ము నింపిన ఒడియా కార్మికుడికి ఒడియాలో కాగితం ఉందా అన్నది ప్రశ్న.

అధికారుల మాట: 'మనుషులేరి?'

ప్రమాదం జరిగిన ప్రతిసారీ మొదటి వేలు ఇన్‌స్పెక్టర్ వైపే చూపిస్తారు. అధికారుల వైపు నుంచి వినిపించేది వేరే కథ. ఇన్‌స్పెక్టర్ పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఒక్కో అధికారి కింద వందల ఫ్యాక్టరీలుంటాయి. కెమికల్ ఇంజినీరింగ్ తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

దీనికి తోడు ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ సంస్కరణలు. తనిఖీకి ఎవరు వెళ్లాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఒకే అధికారి వరుసగా రెండోసారి అదే ఫ్యాక్టరీకి వెళ్లకూడదు. రిపోర్ట్ 48 గంటల్లో అప్‌లోడ్ చేయాలి. అవినీతిని, వేధింపులను తగ్గించడానికి ఇవి తెచ్చారు. పరిశ్రమలు వీటిని స్వాగతించాయి. అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. పోయినసారి చూసిన లోపం సరిచేశారా లేదా అని పట్టుకునేది ఆ ఫ్యాక్టరీని ముందు చూసిన మనిషే కదా?

ఇక థర్డ్ పార్టీ ఆడిట్లు. ఆడిటర్‌కు ఫీజు ఇచ్చేది ఆ ఫ్యాక్టరీయే. డబ్బులిచ్చే వాడి తప్పును ఎంత గట్టిగా రాస్తారన్నది కార్మిక సంఘాల అనుమానం. ప్రభుత్వం దగ్గర నిపుణులు లేనప్పుడు బయటివాళ్లే దిక్కు అన్నది పరిశ్రమ జవాబు. రెండింట్లోనూ నిజం ఉంది.

చుట్టుపక్కల జనం మాట: 'మాకెవరు చెప్పారు?'

ఈ చర్చల్లో అందరికంటే తక్కువ వినిపించే గొంతు వీళ్లది. ఉద్యోగాలు కావాలి కాబట్టి ఫ్యాక్టరీ వద్దనరు. వాసన వస్తే కిటికీ మూసుకుంటారు. ఫోన్ చేస్తే 'ఏం కాదు' అన్న జవాబు వస్తుంది. అలవాటైపోతుంది.

ప్రమాదం గోడ దాటితే ఎలా ఉంటుందో అచ్యుతాపురంలో 2022లో రెండుసార్లు కనిపించింది. జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి విషవాయువు వల్ల సెజ్‌లోని గార్మెంట్ యూనిట్‌లో మహిళా కార్మికులు పెద్ద సంఖ్యలో అస్వస్థతకు గురయ్యారు. కుట్టు మిషన్ మీద పనిచేసే అమ్మాయికి కెమికల్ సేఫ్టీ గురించి ఎవరు ట్రైనింగ్ ఇస్తారు?

ముందే చెప్పడం ఎందుకంత ముఖ్యం? ఎందుకంటే ఒక్కో గ్యాస్‌కు ఒక్కో జాగ్రత్త. స్టైరీన్, క్లోరిన్ ఆవిర్లు గాలి కంటే బరువు. నేలను పట్టుకుని పల్లం వైపు పాకుతాయి. అమ్మోనియా మామూలుగా గాలి కంటే తేలిక. కొన్నిసార్లు ఇంట్లోనే తలుపులు మూసుకుని, సందుల్లో తడిగుడ్డలు పెట్టుకుని ఉండటమే మేలు. కొన్నిసార్లు వెంటనే వెళ్లిపోవాలి. వెళ్లాల్సి వస్తే గాలి వీచే దిశలో కాకుండా దానికి అడ్డంగా పోవాలి. రాత్రి 3 గంటలకు కళ్లు మండుతున్నప్పుడు ఇవన్నీ ఎవరూ ఆలోచించలేరు. పగలు, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒక్కసారైనా ప్రాక్టీస్ చేసి ఉండాలి.

కొత్త లేబర్ కోడ్‌తో ఏమైనా మారుతుందా?

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. కరెంటు వాడే చోట ఫ్యాక్టరీగా లెక్కించాలంటే ఇదివరకు 10 మంది కార్మికులుంటే చాలు. ఇప్పుడు 20 మంది ఉండాలి. ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్‌గా మారింది. అంటే తనిఖీతో పాటు సలహాలు కూడా ఇవ్వాలి.

యాజమాన్యాలు దీన్ని మంచి మార్పు అంటున్నాయి. చిన్న యూనిట్లు పరిధి నుంచి జారిపోతాయని సంఘాలు భయపడుతున్నాయి. ప్రమాదకర పనులు చేసే చోట ఒక్క కార్మికుడున్నా కోడ్‌ను వర్తింపజేసే వీలుందని కేంద్రం చెబుతోంది. అపాయం గురించి హెచ్చరించే హక్కు కొత్త కోడ్‌లోనూ ఉంది.

ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. 1989, 1996 రూల్స్ పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి. లేబర్ కోడ్ వచ్చినంత మాత్రాన అవి పోవు. చుట్టుపక్కల జనానికి సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత అలాగే ఉంటుంది.

గొడవ ఎన్నింటి మీదున్నా.. ఇక్కడ మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు

తనిఖీల మీద గొడవ ఉంది. ఆడిట్ల మీద గొడవ ఉంది. ఖర్చు ఎవరు పెట్టాలి, ఊరు ముందా ఫ్యాక్టరీ ముందా అన్నదీ తేలలేదు. ఇవి ఇప్పట్లో తేలేవీ కావు.

కానీ ట్యాంక్‌లో ఏముందో పక్క వీధికి చెప్పొద్దని బహిరంగంగా ఎవరూ అనరు. సైరన్ టెస్ట్ చేయొద్దని అనరు. మాక్ డ్రిల్‌కు ఊరి జనాన్ని పిలవొద్దని అనరు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. కోట్లు అక్కర్లేదు. తెలుగులో ఒక పేజీ కరపత్రం, నెలకో సైరన్ టెస్ట్, సర్పంచ్ కూర్చున్న ఒక మీటింగ్ చాలు. అన్నింటికంటే చవకైన రూల్ ఇదే. అన్నింటికంటే ఎక్కువగా పక్కన పడేస్తున్నదీ ఇదే.

కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. 'ప్రమాదం జరగొచ్చు' అని జనానికి చెప్పడమంటే కంపెనీకి భయం, గొడవ చేస్తారేమోనని. అధికారులకు భయం, ఫ్యాక్టరీ తరలించమంటారేమోనని. చెప్పకపోతే ఆ రోజుకు ప్రశాంతంగా గడిచిపోతుంది. ఆ ప్రశాంతత ఖరీదు ఏంటో వెంకటాపురం చూసింది.

మీ ఇంటి దగ్గర కెమికల్ ఫ్యాక్టరీ ఉందా? ఇవి చేయండి

• ఆ ఫ్యాక్టరీలో ఏ ప్రమాదకర రసాయనాలున్నాయి, లీకైతే మేం ఏం చేయాలి అని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. మీరు అడిగేది వాళ్ల తయారీ ఫార్ములా కాదు. మీకు రూల్ ప్రకారం రావాల్సిన సమాచారం.

• జవాబు రాకపోతే కలెక్టరేట్‌కు, ఫ్యాక్టరీల శాఖకు ఆర్టీఐ పెట్టండి. లోకల్ క్రైసిస్ గ్రూప్ ఉందా, చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ఊరి వైపు మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగింది అని అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి.

• మీ సర్పంచ్‌ని, కార్పొరేటర్‌ని అడగండి. ఆ గ్రూప్‌లో స్థానిక నాయకుడికి చోటుందన్న సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు.

• ఘాటు వాసన, కళ్ల మంట, పొగ కనిపిస్తే 112కి ఫోన్ చేయండి. ఫైర్‌కు 101, అంబులెన్స్‌కు 108. దగ్గరకెళ్లి వీడియో తీయొద్దు.

• రోడ్డు మీద కెమికల్ ట్యాంకర్ బోల్తా పడితే దూరంగా ఉండండి. ట్యాంకర్ మీద నాలుగంకెల యూఎన్ నంబర్ దూరం నుంచి కనిపిస్తే ఫోన్‌లో చెప్పండి. స్టైరీన్ నంబర్ 2055. ఆ నాలుగు అంకెలతోనే లోపల ఏముందో ఫైర్ సిబ్బందికి తెలిసిపోతుంది.

• ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకు, పెద్దవాళ్లకు సైరన్ మోగితే ఏం చేయాలో ఒకసారి చెప్పి పెట్టండి.

చివరగా ఒక్క ప్రశ్న. మీ దగ్గరున్న ఫ్యాక్టరీ సైరన్ శబ్దం ఎలా ఉంటుందో మీకు తెలుసా? షిఫ్ట్ సైరన్ ఏది, ప్రమాదం సైరన్ ఏది, అంతా సర్దుకుందని చెప్పే సైరన్ ఏది? తెలియదంటే మీ ఊళ్లో మాక్ డ్రిల్ జరగలేదనే అర్థం. రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.